పళ్ళు చూసి చెప్పలేని వయసు

పశువైద్యుడిగా నా ఉద్యోగమంతా గేదెలు, ఎద్దులు, మేకలు, గొర్రెల మధ్యే గడిచింది. కుందేళ్ళు నా దగ్గరికి ఎక్కువగా రావడం మొదలైంది రిటైరై హైదరాబాదులో స్థిరపడ్డాకే. ఇల్లు మారుతున్నామనో, విదేశం వెళ్తున్నామనో, పాపకు తుమ్ములు తగ్గడం లేదనో ఒకరు వదిలేసిన కుందేలును ఇంకొకరు జాలిపడి తెచ్చుకుంటారు. తెచ్చుకున్నవాళ్ళు ముందుగా అడిగేది "దీని వయసెంతుంటుందండీ?" అనే. ఆ ప్రశ్నకు నేను చాలా విలువిస్తాను. ఏ మేత పెట్టాలి, ఆపరేషన్ చేయించవచ్చా, నడక మందగిస్తే జబ్బా ముసలితనమా, ఇంకెన్నాళ్ళు మనతో ఉంటుంది, ఇవన్నీ దాంతో ముడిపడినవే. ఇన్నాళ్ళుగా చేతులతో, కళ్ళతో తెలుసుకున్నది ఇక్కడ రాసిపెడుతున్నాను.

1. నోరు తెరిచి చూడొద్దు

పశువు వయసు అనగానే మనవాళ్ళ చెయ్యి దాని మూతి మీదికి పోతుంది. అది తరతరాల అలవాటు. సంతలో పళ్ళు పట్టి చూడందే కోడెకు ధర పలకదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలకు పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు చేసేది ఈ లెక్కతోనే. పశువుకు రెండేళ్ళ ప్రాంతంలో ముందరి పాలపళ్ళ జత ఊడి పెద్ద పళ్ళు వస్తాయి. ఆ తర్వాత ఒక్కో జతా వరసగా మారుతుంది. చూసినవాడు వయసు ఇట్టే చెప్పేస్తాడు.

కుందేలు దగ్గర ఈ లెక్క సాగదు. దానికి పళ్ళు 28. పాలపళ్ళు ఉంటాయి గానీ అవి పుట్టిన కొద్ది వారాల్లోనే పోతాయి, మనింటికి వచ్చేసరికి మారడానికి ఏమీ మిగలదు. ఇక తర్వాత వచ్చిన పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ముందరి పళ్ళయితే వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి, గడ్డి కొరకడంలో, నమలడంలో అంత మేరా అరిగిపోతాయి. ఇవాళ కనిపిస్తున్న పంటి మొన కొన్ని వారాల కిందట చిగురు లోపల ఉన్నదే. అందుకే ఆరు నెలల కుందేలు పన్నూ ఆరేళ్ళ కుందేలు పన్నూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

పళ్ళు వంకరపోయి, పొడుగ్గా సాగి ఉంటే "ముసలిదండీ" అనేస్తారు. చాలాసార్లు అది గడ్డి దొరక్క మెత్తటి తిండి మీద పెరిగినందువల్ల వచ్చింది, లేదా దవడ పుట్టుకతోనే సరిగా కుదరలేదు. పొట్టి మూతి రకాల్లో రెండు మూడు నెలల పిల్లలకే ఈ బాధ చూశాను.

పైగా బలవంతంగా నోరు తెరవబోతే అది గిలగిల్లాడుతుంది. కుందేలు వెనక కాళ్ళలో ఉన్న బలానికి దాని ఎముకలు తట్టుకోలేవు. ఒక్క విసురుకు నడుము దగ్గర వెన్ను విరిగి కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంది. ఎప్పుడు ఎత్తినా ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద ఉండాలి. చెవులు పట్టి ఎత్తడం మన సంతల్లో ఇంకా కనిపిస్తోంది. దాన్ని దయచేసి మాన్పించండి. పళ్ళు చూడవలసి వస్తే కుందేళ్ళు తెలిసిన డాక్టరు చూస్తారు, అదీ జబ్బు కోసం, వయసు కోసం కాదు.

2. ముందు అది పెంపుడు కుందేలేనా?

పల్లె నుంచి ఫోన్లు వస్తుంటాయి. "చేలో కుందేలు పిల్ల దొరికింది. కళ్ళు తెరిచింది, ఒంటినిండా బొచ్చుంది. మూడు వారాలదై ఉంటుందా?" అని. అది చాలావరకు ఆ ముందురోజు పుట్టిన చెవులపిల్లి కూన అయి ఉంటుంది.

పెంపుడు కుందేలు పిల్ల బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని, ఎర్రగా పుడుతుంది. చెవులపిల్లి కూన కళ్ళు తెరుచుకునే, బొచ్చుతోనే పుడుతుంది. మన ఇళ్ళలో పెరిగే కుందేళ్ళ పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాలవి. మన చేలల్లో గెంతేది వేరే జాతి. పెంపుడు కుందేలు లెక్కతో చెవులపిల్లి వయసు కడితే మొదటిరోజు కూనకు మూడు వారాల తిండి పెడతారు, అది చచ్చిపోతుంది. తల్లి దాన్ని వదిలేసి పోలేదు. పగలు దూరంగా ఉండి చీకటి పడ్డాక పాలివ్వడానికి వస్తుంది. తెచ్చినచోటే, అదే గుబురు కింద పెట్టి వచ్చేయండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పెంచుకోవడం నేరం. గాయపడి ఉంటే అటవీశాఖ వారికి అప్పగించండి.

3. పసితనంలో లెక్క గట్టిగా చెప్పవచ్చు

కుందేలు వయసును నమ్మకంగా చెప్పగలిగేది మొదటి నాలుగు నెలల్లోనే. పుట్టిన వారానికి సన్నటి బొచ్చు కమ్ముతుంది. 10 నుంచి 12 రోజులకు కళ్ళు తెరుచుకుంటాయి. రెండు మూడు వారాలకు గూడు వదిలి తల్లి చుట్టూ తిరుగుతూ గడ్డి పరకలు కొరుకుతుంది. పాలు పూర్తిగా మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మగవాటికి వృషణాలు పదో వారం నుంచి పన్నెండో వారం మధ్య కిందికి దిగుతాయి. చిన్న రకాలు నాలుగు నెలలు నిండేలోపే ఈడుకు వస్తాయి, పెద్ద రకాలకు ఆరు నెలలు దాటవచ్చు.

ఇవి తెలిస్తే సంతలో జరిగే మోసం తెలిసిపోతుంది. అరచేతిలో ఇమిడే పిల్లను చూపించి "డ్వార్ఫ్ సార్, ఇంతకంటే పెరగదు, రెండు నెలలది" అంటారు. ఒంటికి తల పెద్దగా, మొహం గుండ్రంగా, చెవులు పొట్టిగా ఉండి, నిలబడితే కాళ్ళు ఇంకా తడబడుతుంటే అది నెల కూడా సరిగా నిండని పిల్ల. తల్లిపాలు మానని పిల్లకు పేగుల్లో తిండిని అరిగించే సూక్ష్మజీవులు ఇంకా కుదురుకోవు. ఆ దశలో క్యారెట్టు, కొత్తిమీర, బిస్కెట్టు పెడితే విరేచనాలు పట్టుకుని ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఇలా పోయిన పిల్లల్ని గుడ్డలో చుట్టుకుని ఏడుస్తూ వచ్చిన చిన్నారులను చూసినప్పుడల్లా అమ్మినవాడి మీద నాకు కోపం ఆగదు. రెండు నెలలు నిండనిదాన్ని కొనకండి.

4. తూకం నమ్మండి

ఇంటికి వచ్చింది పిల్లా, పెద్దదా అని తేలకపోతే వంటింటి తూకం చాలు. త్రాసు మీద వెదురు బుట్టో ప్లాస్టిక్ టబ్బో పెట్టి, అడుగున పాత తువ్వాలు పరిచి, సున్నా చేసి, కుందేలును అందులో కూర్చోబెట్టండి. తువ్వాలు ముఖ్యం. కాళ్ళ కింద జారితే అది నిలవదు, అంకె నిలవదు. వారానికోసారి, అదే వేళకు, మేతకు ముందు. అంకె పక్కన తేదీ.

వారం వారం బరువు పెరుగుతోందంటే ఇంకా ఎదుగుతోంది. నెలన్నర, రెండు నెలలు చూసినా అదే బరువు దగ్గర నిలిచిందంటే ఎదుగుదల పూర్తయింది. మన దేశంలో ఎక్కువగా కనిపించే తెల్ల కుందేలు, న్యూజిలాండ్ వైట్, పూర్తిగా పెరిగితే 4, 5 కిలోలు తూగుతుంది. ఎర్రకళ్ళ తెల్లపిల్లను "చిన్న రకం" అని తెచ్చుకున్నవాళ్ళు ఆరు నెలలకు బోను మార్చుకోవలసి వస్తుంది.

ఇంకో మేలు ఉంది. ఎదిగిన కుందేలు బరువు తగ్గుతోందంటే ఎక్కడో జబ్బు మొదలైందన్నమాట. కుందేలు బాధను బయటపెట్టే జీవి కాదు, అది దాచినదాన్ని తూకం ముందుగా చెబుతుంది.

5. ఎక్స్‌రే చెప్పేదీ ఎనిమిది నెలల దాకే

"ఎక్స్‌రే తీస్తే కచ్చితంగా తెలుస్తుంది కదండీ?" అని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. కొంతవరకు నిజమే. ఎదిగే కుందేలు కాలి ఎముకల చివర మృదులాస్థి పట్టీ ఉంటుంది, ఎక్స్‌రేలో అది నల్లగీతలా కనిపిస్తుంది. సుమారు ఏడెనిమిది నెలలు వచ్చేసరికి ఆ గీతలు ఒక్కొక్కటిగా మూసుకుపోతాయి. గీత ఉంటే ఇంకా చిన్నది, లేకపోతే పెద్దది. ఆ పెద్దది ఏడాదిదా, నాలుగేళ్ళదా అన్నది ఎముక చెప్పదు.

కుందేళ్ళ వయసు తెలుసుకోవడానికి ఆస్ట్రేలియా వాళ్ళు తంటాలు పడ్డంతగా ఇంకెవరూ పడి ఉండరు. 1859లో విక్టోరియాలో వేట కోసం వదిలిన ఇంగ్లండు కుందేళ్ళు ఖండమంతా పాకి పంటలను, పచ్చికను ఊడ్చేశాయి. వాటిని అదుపు చేయాలంటే ఏ వయసువి ఎన్ని ఉన్నాయో తెలియాలి. కంటి కటకం బతికినంత కాలం కొద్ది కొద్దిగా పెరుగుతుంది కాబట్టి, దాన్ని తీసి ఎండబెట్టి తూచి వయసు కట్టే పద్ధతిని అక్కడి శాస్త్రవేత్తలు 1961లో ప్రచురించారు. మంచి పద్ధతే, చచ్చిన కుందేలుకు మాత్రమే పనికొస్తుంది. బతికున్నదాని వయసును ఏళ్ళలో చెప్పే పరీక్ష మన ఆసుపత్రుల్లో లేదు. ఉందని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

6. మోసం చేసే గుర్తులు

కంట్లో తెల్లటి పొర కనిపిస్తే "ముసలితనం, శుక్లం" అనుకుంటారు. మనుషుల్లో అది సబబే కావచ్చు. కుందేళ్ళలో ఎన్‌సెఫాలిటోజూన్ అనే సూక్ష్మక్రిమి ఒకటుంది. తల్లి కడుపులో ఉండగానే పిల్ల కంట్లోకి చేరి, ఏడాది రెండేళ్ళ కుందేలుకే కటకాన్ని పాడుచేసి తెల్లపొర తెప్పిస్తుంది. కాబట్టి కన్ను తెల్లబడితే వయసు లెక్క పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆలస్యమైతే కన్ను పోతుంది.

గోళ్ళు చూసి చెప్పడం పాత పద్ధతి. పిల్లల గోళ్ళు సన్నగా, పాదం బొచ్చులో దాగి ఉంటాయి, వయసు పెరిగేకొద్దీ బయటికి వచ్చి మందమై వంపు తిరుగుతాయి. కానీ టైల్స్ మీద పెరిగినదానికి గోళ్ళు అరగవు, మట్టి తవ్వుకునేదానికి అరిగిపోతాయి. యజమాని కత్తిరించి ఉంటే అసలే తెలియదు.

పాదాల సంగతీ అంతే. కుందేలు అరికాలికి కుక్కకున్నట్టు మెత్తలు ఉండవు, బొచ్చే దానికి చెప్పులు. ఆ బొచ్చు ఊడి మడమ ఎర్రబడితే వయసు మీద పడిందనుకుంటారు. తీగబోనులో నిలబెడితే చిన్న వయసుకే మడమలు పుళ్ళుపడతాయి.

ఆడవాటికి గడ్డం కింద ఎద్దు గంగడోలులా మడత వేలాడుతుంటే ఈడుకు వచ్చిందని మాత్రం చెప్పవచ్చు. ఎన్నేళ్ళయిందో అది చెప్పదు.

చెవి లోపల పచ్చబొట్టు అంకెలు ఉంటే మాత్రం రాసుకోండి. ఫారాల్లో, ప్రయోగశాలల్లో పెరిగినవాటికి అలా వేస్తారు. ఆ అంకె వెనక ఎక్కడో పుట్టిన తేదీ రాసిన రిజిస్టరు ఉంటుంది. బ్రిటన్‌లో ప్రదర్శనల కుందేళ్ళకైతే పుట్టిన ఏడాది చెక్కిన కడియాన్ని వెనక కాలికి తొడుగుతారు. అలాంటి ఏర్పాటు ఇక్కడ ఇంటి కుందేళ్ళకు ఇంకా రాలేదు.

7. నేల మీద వదిలి, చాలాసేపు చూడండి

నేను ఇప్పుడు వయసు అంచనా కట్టేది ఇలాగే. మొన్నీమధ్య ఒక అమ్మాయి బూడిదరంగు ఆడ కుందేలును తెచ్చింది. ఇచ్చినవాళ్ళు ఏడాదిన్నర అని చెప్పారట. బల్ల మీద పెట్టకుండా కింద జంపఖానా పరిచి వదిలాను. నున్నటి గచ్చు మీద ఏ కుందేలైనా ముసలిదానిలాగే నడుస్తుంది.

వయసులో ఉన్నదైతే కాసేపటికి వెనక కాళ్ళ మీద నిలబడి చుట్టూ చూస్తుంది, గెంతుతుంది. ఇది నిలబడలేదు. గెంతడానికి బదులు వెనక కాళ్ళు ఎడంగా వేసి అడుగులు వేసింది. వెన్ను మీద చెయ్యి వేస్తే రెండు పక్కలా కండ కరిగి, వెన్నుపూసలు గణుపుల్లా చేతికి తగిలాయి. నడుము మీద బొచ్చు ఉండలు కట్టి కింద చుండ్రు ఉంది, మెడ తిప్పి అక్కడిదాకా నాక్కోలేకపోతోంది. తోక కింద మెత్తటి పెంటికలు అంటుకుని ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న కుందేలు వాటిని నేరుగా నోటితో అందుకుని తినేస్తుంది. చివరికి చెవులు విప్పి చూశాను. ఎడమ చెవి శుభ్రంగా ఉంది, కుడి చెవి నిండా గులిమి. కుందేలు ఏ పక్క చెవిని ఆ పక్క వెనక కాలితోనే గీరుకుని శుభ్రం చేసుకుంటుంది. కుడికాలు అంత పైకి లేవడం లేదన్నమాట.

"అయిదేళ్ళు పైబడి ఉంటుందమ్మా. ఆరా, ఎనిమిదా అంటే చెప్పలేను" అన్నాను. ఎక్స్‌రేలో వెన్నుపూసల మధ్య ఎముక పెరిగి అతుక్కోవడం కనిపించింది, కుడి తుంటి కీలు అరిగింది.

ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "డాక్టరు గారూ, ముసలిదానికి మందులెందుకని ఇంట్లో అంటున్నారు" అంది.

"వయసుకు మందు లేదమ్మా, నొప్పికి ఉంది" అన్నాను.

నొప్పి తగ్గించే మందు తగిన మోతాదులో మొదలుపెట్టాం, మలవిసర్జన తట్ట అంచు ఒక పక్క కోయించాం, నేలంతా జంపఖానాలు పరిపించాం. కొన్ని వారాలకు ఆ తట్టలోకి అది తనంతట తాను ఎక్కి దిగుతోందని ఫోన్ చేసింది. వయసు అంచనా వేయడం ఇందుకే. ముసలిదని తేల్చి వదిలేయడానికైతే అసలు ఆ లెక్కే వద్దు. మనుషుల నొప్పి మాత్రలు మాత్రం సొంతంగా వేయకండి.

ఈ గుర్తుల్లో ఏ ఒక్కదాన్నీ పట్టుకుని ముసలిదనకూడదు. పాత దెబ్బ వల్లా కాలు లేవకపోవచ్చు, పురుగుల వల్లా చెవి పాడుకావచ్చు. మూడు నాలుగు గుర్తులు ఒకే మాట చెబితేనే నమ్మండి.

8. ఆడ కుందేలైతే, వయసు తేలేదాకా ఆగొద్దు

గర్భసంచి తీయించని ఆడ కుందేళ్ళలో నాలుగేళ్ళు దాటాక సగానికి పైగా వాటికి గర్భసంచి క్యాన్సర్ రావచ్చని పశువైద్య గ్రంథాలు చెబుతాయి. వయసు తెలియనిది ఆ గీత ఇవతల ఉందో, అవతల ఉందో ఎవరికి తెలుసు? అందుకే "వయసు తెలియదు కాబట్టి ఆపరేషన్ వద్దు" అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. వయసు తెలియకపోవడమే పరీక్ష చేయించడానికి కారణం. మూత్రంలో నెత్తురు కనిపిస్తే అసలు ఆగవద్దు. తిన్న తిండిని బట్టి కుందేలు మూత్రం ఎర్రగా ఉండటం మామూలే కాబట్టి అది నెత్తురో రంగో పరీక్షే తేలుస్తుంది.

పెద్దదనిపిస్తే ముందు రక్తపరీక్ష, రొమ్ము ఎక్స్‌రే చేయించి, మత్తుకు తట్టుకుంటుందో లేదో చూస్తారు. కుక్కకు, పిల్లికి చెప్పినట్టు రాత్రంతా పస్తు పెట్టమని ఎవరైనా చెబితే ఇంకో డాక్టరును వెతుక్కోండి. కుందేలు వాంతి చేసుకోలేదు, దాని పేగులు ఆగితే ప్రాణానికే ముప్పు.

ఇంకో మాట. కొత్తగా వచ్చిన ఆడది మగవాటితో కలిసి ఉండి వచ్చిందేమో కనుక్కోండి. చూడి కాలం 31 రోజులే. నెల దాకా గడ్డితో గూడు కడుతోందా, రొమ్ము బొచ్చు పీక్కుంటోందా గమనించండి.

9. మేతకు ఏళ్ళు అక్కర్లేదు, దశ చాలు

ఆరేడు నెలల్లోపు ఎదిగే పిల్లకు లూసర్న్ మంచిదే, మాంసకృత్తులూ సున్నమూ ఎక్కువ. ఎదుగుదల ఆగాక అదే లూసర్న్ రోజూ పెడితే ఒళ్ళు వస్తుంది, మూత్రంలో సున్నం పేరుకుంటుంది. అప్పుడు గరిక, ఎండబెట్టిన పచ్చిక ప్రధానం కావాలి. ముసలిదై చిక్కిపోతుంటే డాక్టరును అడిగి మళ్ళీ కొద్దిగా లూసర్న్ కలపవచ్చు. మన మే నెల ఎండలకు పిల్లలూ ముసలివే ముందు సొమ్మసిల్లుతాయి, వాటిని నీడకు, చల్లటి గచ్చుకు చేర్చండి.

10. తేదీ రాసి పెట్టండి

ఎక్కువ కాలం బతికిన కుందేలుగా గిన్నిస్ పుస్తకానికెక్కింది ఫ్లాప్సీ. 1964 ఆగస్టు 6న టాస్మేనియాలో పట్టిన అడవి కుందేలు అది, 18 ఏళ్ళ 10 నెలలకు పైగా బతికి 1983లో పోయింది. అడవిలో పుట్టిన జీవికి ఆ రికార్డు దక్కిందంటే, ఇంటికి తెచ్చిన తేదీ ఎవరో రాసిపెట్టినందుకే. మామూలుగా ఇంటి కుందేళ్ళు 8 నుంచి 12 ఏళ్ళు ఉంటాయి, ఫ్లెమిష్ జెయింట్ లాంటి భారీ రకాలు అంతకంటే తక్కువ. అందుకే "అయిదేళ్ళది" అన్నమాటకు కూడా చిన్నదాని విషయంలో ఒక అర్థం, పెద్దదాని విషయంలో ఒక అర్థం.

నేనిచ్చే చీటీలో ఎప్పుడూ ఒక్క అంకె రాయను. "ఎదిగింది, మూడేళ్ళ లోపు ఉండవచ్చు" అనో, "అయిదు పైన" అనో రాసి, ఏ గుర్తులు చూసి అలా అనుకున్నానో కింద రాస్తాను. తర్వాత చూసే డాక్టరుకు నా అంకె కంటే ఆ గుర్తులే పనికొస్తాయి. మీరు తెచ్చుకున్న రోజే దాని పుట్టినరోజుగా పెట్టుకోండి, తప్పేం లేదు. ఆ రోజు బరువు, పక్కనుంచి ఒక ఫోటో, కళ్ళవి, పాదాలవి ఫోటోలు భద్రపరచండి.

ఇక కుందేలును ఇతరులకు ఇచ్చేస్తున్నవారికి నా విన్నపం. వయసు ఎక్కువ చెబితే ఎవరూ తీసుకోరని తగ్గించి చెప్పకండి. ఎప్పుడు, ఎక్కడి నుంచి తెచ్చారు, అప్పటికి ఎంత ఉంది, ఆపరేషన్ అయిందా, ఏ మందులు వాడారు, ఏ గడ్డి తింటుంది, ఈ ఆరు సంగతులూ ఒక కాగితం మీద రాసి, కుందేలుతో పాటు ఆ కాగితమూ ఇవ్వండి.